మామిడి కొత్తకు ముందు

మార్చి 12, బుధవారం

ఈ రోజు కూడా గారెల కొట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. రైల్వే గేటు దాటగానే నూనె వాసన తగులుతుంది. అక్కడిదాకా కాళ్లు వాటంతట అవే పోతాయి. రేకుల కింద వరహాలరావు గారు మూకుడు ముందు నిలబడి ఉన్నారు. వాళ్లావిడ రత్నాలమ్మ ఎవరికో పాకం గారెలు పెడుతోంది. నన్ను చూడలేదు. చూస్తే ముందు నా కడుపు వైపే చూస్తుంది. అక్కడ ఆగి ఉన్న లారీ వెనక్కి తప్పుకుని, అది కదిలేదాకా నిలబడి, ఇంటికి వచ్చేశాను.

అత్త "పసుపు తెచ్చినావా?" అంది. నేను వెళ్లింది పసుపు కోసమని అప్పుడు గుర్తొచ్చింది.

మార్చి 13

మా ఆయన ఇంటికి రాలేదు.

మార్చి 14, శుక్రవారం

రాలేదు. సంత రోజు కదా, టూరిస్టులు ఎక్కువ. తీరిక ఉండదు. జీపులోనే పడుకుని ఉంటాడు. జీపు సీటు మెత్తగానే ఉంటుంది.

మార్చి 16, ఆదివారం

రాసుకుంటే బరువు దిగుతుందని ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచరు చెప్పేది. ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే అవసరం అప్పుడు రాలేదు.

ఫిబ్రవరి 24. ఏడో నెల. బాబు. ఏడవలేదు.

మామిడి కొత్త పండుగ కాకుండా నేను మామిడికాయ తిన్నాను. నేనే తిన్నాను. మధ్యాహ్నం తిన్నాను, సాయంత్రానికి నొప్పి మొదలైంది. జీపులో ఆసుపత్రికి పోతుంటే వాంతి అయింది. అత్త తన కొంగుతో తుడుస్తూ ఆ పులుపు వాసన పసిగట్టింది. "మామిడి! కొత్త కాకుండా మామిడి ఎవులు పెట్టినారే నీకు?" అంది. నేనే తెచ్చుకుని తిన్నానన్నాను.

డాక్టరమ్మ బీపీ అంది. కాళ్లు ఎప్పటి నుంచి వాచాయి, ఎవరికైనా చెప్పావా అంది. చెప్పలేదు. చెప్పాలంటే చీర ఎత్తి చూపించాలి కదా.

అత్త తిట్టదు. తిడితే బాగుండును. నిన్న చోళ్లు చెరుగుతూ, నా వైపు చూడకుండా అంది:

"కొండ మీద పసిపిల్లలు కూడా సెట్టు కింద రాలిన పింది ముట్టరు. కొత్త సేసి, నిసాని దేవతకు పెట్టి, ఊరంతా ఒక్కపాలే తింటాం. అందరూ ఆగినారు. నీ ఒక్కదాని నోరే ఆగనేదా, గుంటా?"

నేను నీళ్లకు వెళ్లిపోయాను. బిందె నిండి పొర్లుతున్నా చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

మార్చి 18

పొద్దున ఆయన వచ్చాడు. బట్టలు మార్చుకున్నాడు. గిన్నెలో అంబలి పోసి ముందు పెట్టాను. తినే ఒచ్చినాను అన్నాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడ తిన్నావురా, ధర్మా?" అంది అత్త.

"కొట్టు కాడ."

"నీ పెళ్లాం పోసింది, ఓ గుక్కెడు తాగి ఎల్లరా."

తాళాలు వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. "బొర్రా గుహలకి బేరం ఉంది. బేగి ఎల్లాల."

బాబు పోయినప్పటి నుంచి నా చేతి కూడు ముట్టలేదు. పనుల ఒత్తిడి. అంబలి చాలాసేపు అలాగే ఉంచి తర్వాత పారబోశాను.

మార్చి 21, శుక్రవారం

కొట్టు లోపలికి వెళ్లాను. వెళ్లాలని వెళ్లలేదు, వరహాలరావు గారు చూసేశారు.

"ఓలప్ప, ఎవులది! సోని గుంటే! రత్నాలూ, ఇటు సూడు, లారీల ఎనకాల నక్కే మనిషి ఒచ్చింది! దూరం నుంచి వాసన పీలిత్తే కడుపు నిండదమ్మా. లోపలికి రా."

అంటే ఆ రోజు చూశారన్నమాట. బల్లల మీద ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. రత్నాలమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, నా భుజం పట్టుకుని వెనక వసారాలోకి తీసుకుపోయింది. అక్కడ గ్రైండరు, మినుముల బస్తాలు ఉంటాయి. పెళ్లయిన కొత్తలో ఆయన నన్ను ఈ కొట్టుకు తీసుకొచ్చినప్పుడు ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. నలుగురి ముందూ నేను నోరు తెరవలేనని రత్నాలమ్మే కనిపెట్టింది. అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా వెనక బస్తా మీదే నా చోటు. పాకం గారెకు చిల్లు దగ్గర పాకం బాగా పడుతుంది. అక్కడి నుంచే తినడం మొదలుపెడతానని ఆవిడ నవ్వేది. అత్తారింటికి వచ్చాక నన్ను చూసి నవ్విన మొదటి మనిషి.

ఈ రోజు నవ్వలేదు. కడుపు వైపు చూడనూ లేదు. రెండు గారెలు పెట్టింది, నీళ్లు పెట్టింది. "తిను. తిన్నాక ఏడు. ఒట్టి కడుపున ఏడిత్తే కళ్లు తిరుగుతాయి" అంది.

తినలేకపోయాను.

"అమ్మా, నాను మీ మామిడి సట్నీ తిన్నాను. కొత్త అవకుండా తిన్నాను. అందుకే పోనాడు."

ఆవిడ గభాలున తల ఎత్తింది. "నువ్వెప్పుడు తిన్నావే? ఆ నెలంతా నువ్వు కొట్టుకే రానేదు కదా!"



ఆవిడ ముందుకు వెళ్లి రెండు గిన్నెలు తెచ్చి నా ముందు పెట్టింది. "సూడు. పాచిపెంట నుంచి ఈ కొండెక్కి ముప్పయ్యేళ్లయింది. కొత్త అయ్యేదాకా కొండోళ్లకి ఇది, సింతపండు సట్నీ. టూరిస్టులకి ఈ మూత గిన్నెలోది, మామిడి. ఇన్నేళ్లలో ఒక్క గరిటె ఇటుది అటు పోనేదు. ఆ రోజు ధర్మ ఒచ్చి మామిడిది కట్టమన్నాడు. మీ ఇంట కొత్త అవనేదు కదరా, వొద్దురా అన్నాను. 'ఇది సాలూరు కాయ కదమ్మా, మా కొండది కాదు, కింది కాయకి కొత్తేటి? పులుపు పులుపు అని దాని నోరు పీకుతాంది' అన్నాడు. నవ్వుతా అన్నాడు. నాను కట్టినాను. ఈ సేత్తోనే కట్టినాను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నుంచి వరహాలరావు గారు "రత్నాలూ, పాకం!" అని కేకేశారు. మాడు వాసన వచ్చింది. ఆవిడ కదల్లేదు.

మార్చి 22

సరే. ఆయనే తెచ్చాడు.

తెచ్చి, నా ఎదురుగా గొంతుక్కూర్చుని, గారె తుంచి చట్నీలో ముంచి నా నోట్లో పెట్టాడు. అది మామిడి అని నాకు తెలుసు. పొట్లం విప్పగానే తెలిసింది. వద్దు అనవచ్చు. అనలేదు. పెళ్లయి రెండేళ్లయింది, ఆయన నా నోటికి ఏదైనా అందించడం అదే మొదటిసారి.

కాబట్టి నేనే తిన్నానన్నది అబద్ధం కాదు.

ఆసుపత్రికి జీపు నడిపింది ఆయనే. అత్త అడిగింది విన్నాడు. నేను చెప్పిందీ విన్నాడు. ముందున్న అద్దంలో ఆయన కళ్లు కనిపించాయి. ఘాట్ రోడ్డు మలుపులు, వెనక్కి తిరిగి మాట్లాడడం ఎలా కుదురుతుంది.

మార్చి 25

రాలేదు.

మార్చి 27, గురువారం

జీపు స్టాండుకు వెళ్లాను. నా అంతట నేను వెళ్లడం ఇదే మొదటిసారి. డ్రైవర్లు ఈలలు వేశారు. "ధర్మా, ఇంటికాడి నుంచి వారంటు ఒచ్చింది, లొంగిపో!" అన్నారొకరు. ఆయన నవ్వలేదు. నన్ను జీపు అవతలి వైపుకు తీసుకెళ్లాడు. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి.

"డాక్టరమ్మ బీపీ అన్నాది" అన్నాను. "నా కాళ్లు వాచినాయి. నాను ఎవులికీ సెప్పనేదు. నీ వల్ల కాదు."

"డాక్టర్లకేటి తెలుసు."

కింది కాయకి కొత్తేటి అని నవ్విన మనిషి ఈ మాట అన్నాడు.

"రత్నాలమ్మ వొద్దన్నాది. నాను ఇనుకోనేదు. నా సేత్తో నానే నోట్లో పెట్టినాను. నిన్ను సూత్తే ఆ సెయ్యే కనబడతాది నాకు."

"మరైతే కొత్త రోజు సెప్పీ. పూజకాడ బుధు అందర్నీ అడుగుతాడు కదా, ముందుగా ఎవులు తిన్నారు, ఎవులు పెట్టినారు అని. సెప్పీస్తే పోద్ది. మళ్లీ ఇంటికాడ తిందువు."

టైరును కాలితో తన్నాడు. "అమ్మ సూత్తాది" అన్నాడు.

ఇంటికి నడుస్తూ దారంతా అదే అనుకున్నాను. ఆయన చెప్తే చాలు. ఇంకేమీ అక్కర్లేదు. ఒక్క మాట, ఆయన నోటితో.

మార్చి 30, ఆదివారం

రత్నాలమ్మ వాళ్లకు ఉగాది. పచ్చడి చేసి అందరికీ పెట్టింది. నా దగ్గరకు వచ్చేసరికి గిన్నె వెనక్కి తీసింది. "మా కొత్త ఇయ్యాల. మీది ఇంకా అవాల. నీకు గారె ఒక్కటే."

"కింద దేవుడికో రోజు, పైన దేవతకో రోజు" అన్నారు వరహాలరావు గారు. "నా మూకుడికి మాత్రం సెలవు ఇచ్చే దేవుడు ఇంకా పుట్టనేదు."

వెనక బస్తా మీద ఎవరూ చూడరు కదా, కొంచెం నవ్వాను. నవ్వి భయపడ్డాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఊరి పూజలు చేసే దిసారి బుధు దినం చూసి, వచ్చే బుధవారం మామిడి కొత్త అని ఇల్లిల్లూ చెప్పి పోయాడు. మా ఇంటి అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. అత్త నా సంగతి ఎత్తింది.

"నా నోట్లో పన్ను నేదు. అయినా మామిడి మీద ఆశ సావనేదు" అన్నాడు బుధు. "కడుపుతో ఉన్న గుంట తిన్నాదంటే కొండంత తప్పేటి కాదు. నాను మూడుమాట్లు అడుగుతాను. ముందుగా తిన్నోళ్లు, పెట్టినోళ్లు ముందుకొచ్చి సెప్పుకోవాల. మనిసికో కోడి ఇయ్యాల. ఊరంతా తలా ఓ మామిడి ముక్క నోటికి అందిత్తారు. అక్కడితో సరి. తరవాత ఎవులూ ఆ మాట ఎత్తకూడదు. నువ్వు కూడా, సోములమ్మా."

తలుపు వెనక నుంచి అడిగాను. "కింది కాయ అయితే?"

"కొత్త కాయకి కాదమ్మా. నోటికి."

ఇంకొకటి అడగడానికి చాలాసేపు పట్టింది. అప్పటికి బుధు కర్ర తీసుకుని లేచాడు. "ఒకరి తప్పు ఒకరు సెప్పుకోవచ్చా?"

బుధు ఆగాడు. తలుపు సందులోంచి నా వైపు చూశాడు. "ఒకరిది ఒకరు ఎత్తుకుంటే దిగదు. ఇద్దరి మీదా ఉండిపోద్ది."

"ఎవులిది ఎవులు ఎత్తుకుంటారే?" అంది అత్త నాతో. పొయ్యి చూడాలని లేచి వచ్చేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

రత్నాలమ్మ ఆయనను పట్టుకుంది. టిఫినుకు వచ్చినవాణ్ణి వెనక వసారాలోకి తోసి, నా ఎదురు బస్తా మీద కూర్చోబెట్టింది. "ఇద్దరూ కూకోండి. ఎవులు లేచినా గరిటె తిరగేత్తాను" అని, పాకం గారెలు చెరొకటి పెట్టి ముందుకు పోయింది.

గ్రైండరు తిరుగుతోంది. అది ఆగాక ఆయన అన్నాడు.

"సెప్తాను."

నేను తల ఎత్తి చూశాను.

"బుధవారం సెప్తాను. నువ్వు తిన్నానని సెప్పు. నాను పెట్టినానని సెప్తాను."

తర్వాత ఏడ్చాడు. బాబును మట్టిలో పెట్టిన రోజు కూడా ఏడవని మనిషి. నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వేళ్లకు పాకం ఉంది. నా చేతికి అంటుకుంది. ఇంటికి వచ్చేదాకా కడుక్కోలేదు.

ఏప్రిల్ 7

చెప్తాడు.

ఏప్రిల్ 8

రెండు కోళ్లు కట్టి ఉంచాను. ఒకటి నాకు. "రెండెందుకే?" అంది అత్త. ఒకటి తప్పించుకుపోతే అన్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

డప్పులు ఆగాయి. నిసాని రాయి ముందు కొత్త కాయలు పోగు పోశారు. ఊరంతా చుట్టూ నిలబడింది. ఆయన వచ్చాడు. డప్పులవాళ్ల పక్కన నిలబడ్డాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"ముందుగా తిన్నోళ్లుంటే రండి" అన్నాడు బుధు.

వెళ్లాను. అందరి ముందూ నా గొంతు వస్తుందనుకోలేదు. వచ్చింది. "నాను తిన్నాను." బుధు నా తల మీద పసుపునీళ్లు చల్లాడు. చల్లగా మెడ మీదుగా జారాయి.

"పెట్టినోళ్లుంటే రండి."

ఆయన నన్ను చూశాడు.

"పెట్టినోళ్లుంటే రండి."

అత్త వెళ్లి కొడుకు పక్కన నిలబడింది. ఆమెకేమీ తెలియదు. ఎండ కళ్లలో పడుతోందని నీడకు జరిగిందంతే. జరిగి, ఊతానికి అతని మోచెయ్యి పట్టుకుంది.

"పెట్టినోళ్లుంటే రండి."

ఆయన నోరు తెరుచుకుంది. నేను చూశాను. తెరుచుకుని అలాగే ఉంది. మాట రాలేదు. ముఖమంతా చెమట. అత్త అతని ముఖంలోకి చూడబోయింది.

"ఎవులూ నేరు" అన్నాను. "నాకు నానే తెచ్చుకుని తిన్నాను."

బుధు నన్నే చూస్తూ ఉండిపోయాడు. "సరే" అన్నాడు.

అందరూ వచ్చి తలా ఒక ముక్క నా నోటికి అందించారు. మొదట అత్త. "అయిపోనాది. ఇంక అయిపోనాది, అమ్మా" అని నన్ను గుండెకు హత్తుకుంది. నన్ను అమ్మా అనడం ఎప్పుడూ వినలేదు. ముసలివాళ్లు, పిల్లలు, నాతో ఎన్నడూ మాట్లాడనివాళ్లు కూడా పెట్టారు. పళ్లు పులిసిపోయాయి. ఆయన వంతు వచ్చింది. ముక్క పట్టుకుని నా దాకా వచ్చాడు. చెయ్యి సగం దాకా లేచింది. దాన్ని వాళ్లమ్మ చేతిలో పెట్టి, "నువ్వు పెట్టీ" అని వెళ్లిపోయాడు.

నోరు తెరిచింది చెప్పడానికే. నేనే ఆగలేదు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే చెప్పేవాడే.

ఏప్రిల్ 10

రెండో కోడిని విప్పేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

పండుగ వారమంతా ఆడవాళ్లం రోడ్డుకు అడ్డంగా వెదురు పెట్టి బళ్లు ఆపుతాం. పాటలు పాడి ఇనాం అడుగుతాం. నాకు అడగడం రాదు కాబట్టి వెదురు చివర నన్ను నిలబెట్టారు. బండి ఆగితే దించి ఉంచాలి, ఇనాం ఇస్తే ఎత్తాలి.

మధ్యాహ్నం స్టాండులోని జీపు ఒకటి వచ్చింది. నడుపుతున్నది ఆయన కాదు. ఆయన వెనక సీట్లో సంచి పక్కన కూర్చున్నాడు. సంచి మీద రగ్గు కూడా ఉంది.

"ఓ బావా, పెళ్లాన్ని దాటుకుని ఎక్కడికి పోతన్నావు?" అని ఆడవాళ్లు చుట్టుముట్టారు. "ఇనాం ఇయ్యి, నేదంటే దిగి మాతో ఆడు!"

"వైజాగు" అన్నాడు వాళ్లతో. "కంపెనీ బండి తోలడానికి."

వాళ్లు నా వైపు చూశారు. నాకు తెలుసన్నట్టు తల ఊపాను. అందరూ నవ్వారు. "అయితే ఆదివారం ఆదివారం ఒత్తాడులే. ఎత్తు సోనీ, మీ ఆయన బండి!"

ఎత్తాను. వెదురు అంత బరువేమీ కాదు.

ఏప్రిల్ 17, గురువారం

కొట్టుకు వెళ్లాను. పనుంది, బియ్యప్పిండి కొనాలి.

రత్నాలమ్మ చేతిలో పిండి అలాగే పెట్టుకుని వసారాలోకి వచ్చింది. "వైజాగు ఎల్లినాడంట కదా. మనసు తేలికపడి ఎల్లినాడా? సెప్పినాడా?"

అప్పటికి ఎనిమిది రోజులుగా ఆవిడ నిద్రపోలేదేమో అనిపించింది. కట్టిన చెయ్యి ఆవిడది.

"సెప్పినాడు" అన్నాను.

"ఏటండీ, ఇన్నారా! ధర్మ సెప్పీసినాడంట!" ముందుకు పరుగెత్తింది. వరహాలరావు గారు గరిటె పైకెత్తి, "మొగోడంటే ఆడే! నాను అనలే!" అని బల్లల మీద కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా అన్నారు. రత్నాలమ్మ కళ్లు తుడుచుకుంటూ నాలుగు పాకం గారెలు కట్టి ఇచ్చింది. ఆదివారం ఆయన వస్తే పెట్టమంది. పాకం గారెలు మూడు రోజులకు చెడవంది.

అత్తకు ఇచ్చాను. తినలేదు. కొడుక్కని గిన్నెలో పెట్టి మూత వేసింది.

ఏప్రిల్ 20, ఆదివారం

అత్త పొద్దున్నే ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చుంది. పొద్దు గూకేదాకా కూర్చుంది.

ఏప్రిల్ 21, సోమవారం

అత్త చేనుకు వెళ్లింది. గారెలు కోళ్లకు వేశాను. గిన్నె తోమి బోర్లించాను.

అత్తతో, నువ్వు చేనుకు వెళ్లాక వచ్చాడు, బేరం ఉందని తిని వెంటనే వెళ్లిపోయాడు, నిన్ను అడిగాడు అని చెప్పాలి. బాగున్నాయన్నాడని చెప్పాలి. అత్త నమ్ముతుంది. కొత్త రోజు నుంచి నా మాట ఈ ఊళ్లో అందరూ నమ్ముతారు.